అది ఇంకా కప్ప కాలేదు

ఆత్మకూరు చుట్టుపట్ల నా భార్య గురించి రెండు కథలు తిరుగుతున్నాయి. రెండూ అబద్ధాలే. ఏళ్ల తరబడి విని నా చెవులు మొద్దుబారాయి గానీ కోపం మొద్దుబారలేదు.

మొదటి కథ సంతలో వినిపిస్తుంది. ధాత నామ సంవత్సరపు కరువు మరుసటి ఏడు ఉదయగిరి కొండ కింద పాలెంలో ఒక పంతులమ్మ ఉండేదట. కప్పతల్లికి నీళ్లు పోసి వాన అడుగుదామంటే ఊరంతా వెతికినా కప్ప దొరకలేదట. ఆమె మాత్రం బాన నిండా కప్పల్ని దాచుకుని, ఇవ్వనని మొండికేసి, చివరికి వాటిని చంపి పారేసిందట. అందుకే వాన వెనక్కి పోయిందట. రెండో కథ మా మిషను ప్రార్థన ఇంట్లో వినిపిస్తుంది. అదే పంతులమ్మ, అదే బాన. ఊరి పెద్దలు కర్రలు పట్టుకొచ్చినా బెదరక, ప్రాణం పోయినా విగ్రహారాధనకు ఒక్క కప్పనైనా ఇవ్వనని నిలబడిందట. సంతలో ఆమె రాక్షసి, ప్రార్థన ఇంట్లో భక్తురాలు. నిజానికి ఆమె చిన్నపిల్లలకు పాఠం చెప్పుకునే మనిషి. ఆ పాఠం ఏమిటో, ఆ బానలో ఉన్నవి ఏమిటో కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ అడగలేదు. రెండో కథకు మొదట నోరు తెరిచింది నేనే. కనుక దిద్దవలసిందీ నేనే.

మేమిద్దరం ఊరికి ఎడంగా ఉండే ఆ పాలెం బడిలో పనిచేసేవాళ్లం. పెద్దపిల్లలకు చదువూ లెక్కలూ నేను చెప్పేవాణ్ణి. చిన్నవాళ్లు ఆమె దగ్గర కూర్చునేవారు. బడి అంటే కొండ వాలున బోదగడ్డి కప్పిన ఒక పాక, దాని ముందు చదును చేసిన నేల. కరువు ముదిరాక చదువు కోసం వచ్చేవాళ్లు తగ్గి, గంజి కోసం వచ్చేవాళ్లు మిగిలారు. ఆ గంజి మా మిషను వాళ్లు పెట్టింది కాదు. ఊరి పెద్దకాపు తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ముసలామె, తన గాదెలోని వరిగెలు కొలిచి పంపేది. నా భార్య వండి పోసేది. దయతో పంపుతున్నానని అవ్వ ఎన్నడూ అనలేదు. "రేపు వాన పడితే నా చేలో దిగేదానికి మనుషులుండొద్దా" అనేది. పాలెం పిల్లల ప్రాణాలు ఆ మాట మీద నిలిచి ఉన్నాయి.

ఆ వైశాఖంలో ఒకే ఒక్క వాన పడింది. నేల తడిసీ తడవక ముందే వెలిసింది. దానికే కొండ మీద రాతి దోనల్లో కాసిని నీళ్లు నిలిచాయి. పుల్లలకు పోయిన నా భార్య ఒక దోనలో తెల్లటి జిగురు తేలుతుంటే చూసింది. సబ్జా గింజలు నానబెడితే ఎలా ఉంటాయో అచ్చం అలా ఉంది, గింజకొక నల్లచుక్క. దోన ఎండిపోతుందని ఆమెకు తెలుసు. మర్నాడు అంచు పగిలిన బాన ఒకటి తీసుకుపోయి, దోన నీళ్లతో సహా ఆ జిగురును ముంచి నెత్తిన పెట్టుకుని దిగింది. మనుషులకే నీళ్లు లేకుంటే ఇదేం పిచ్చి అని నేను కసిరాను. "ఇవి తాగే నీళ్లు కాదులే. పిల్లోళ్లకి చూపిస్తా" అంది.

పాక నీడలో బానను పెట్టి చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టింది. ఆ పాఠం నేను పక్కనుంచి విన్నాను గనక ఇక్కడ రాయగలుగుతున్నాను.

"ఏంది ఇవి?" అని అడిగింది.

"సబ్జాలు" అన్నాడు ఒకడు.

"తాగుతావా?"

"చక్కెర ఏస్తే తాగుతా."

అందరూ నవ్వారు. నవ్వు వినిపించి చాలా కాలమైంది కాబట్టి నేను లెక్కలు ఆపి అటు చూశాను. ఇవి కప్ప గుడ్లు అని ఆమె చెబితే ఒక్కరూ నమ్మలేదు. కప్పలు వానతో పాటు ఆకాశం నుంచి పడతాయని మా వైపు పెద్దవాళ్లు కూడా అనుకునేవారు. మొదటి వానకు రాత్రికి రాత్రే అన్ని కప్పలు ఎక్కడి నుంచి వస్తాయి మరి. ఆమె వాదించలేదు. "మీరే చూడండి. రోజూ వచ్చి చూసి, ఏం మారిందో నాకు చెప్పండి" అంది.

నల్లచుక్కలు పొడవయ్యాయి. జిగురు కరిగి తోకలున్న నలకలు ఈదాయి. చేపపిల్లలని పిల్లలు కేకలు పెట్టారు. వాటికి దోనలోని పాచి గీకి తెచ్చి వేసేవారు. కొన్నాళ్లకు తోక మొదట్లో రెండు మొటిమల్లాంటివి లేచాయి. అవే వెనక కాళ్లయ్యాయి. ఆమె బొగ్గుతో నేల మీద ఆ రోజు బొమ్మ ఆ రోజు గీసేది. నిన్నటి బొమ్మ చెరపనిచ్చేది కాదు. గుడ్డు నుంచి కాళ్ల దాకా బొమ్మలు వరసగా పాక గుంజ దాకా పాకాయి. పుట్టినది ఏదీ పుట్టినట్టే ఉండిపోదనీ, గింజ మొలకై, మొలక మొక్కై, పురుగు సీతాకోకై మారుతుందనీ, కొన్ని మెల్లగా పెరుగుతాయనీ, కొన్ని రూపమే మార్చుకుంటాయనీ వాళ్ల మాటల్లో చెప్పేది.

ఆ గుంజ మీద నిరుడు ఆమె పిల్లల ఎత్తులకు బొగ్గు గీతలు పెట్టింది. పెరగడమంటే ఏమిటో చూపుదామని ఈ ఏడు మళ్లీ ఒక్కొక్కరినీ నిలబెట్టబోయింది. మొదటి పిల్లవాడి నెత్తి నిరుటి గీత దగ్గరే ఆగింది. రెండోవాడిదీ అంతే. ఇక ఎవరినీ పిలవలేదు. తడిగుడ్డ తెచ్చి గీతలన్నీ తుడిచేసింది.

ఒకరోజు తోక ఏమవుతుందన్న మాట వచ్చింది. బల్లి తోకలాగా ఊడి పడుతుందని పిల్లలు అన్నారు.

"ఊడదు. ముందర కాళ్లు వచ్చేటప్పుడు దానికి కూడు తినే నోరు కుదరదు. నోరు కూడా మారతా ఉంటాది గదా. అప్పుడు దాని ఒళ్లే తోకని కొంచెం కొంచెం తినేసి బతుకుతాది" అని ఆమె చెప్పింది.

వెనక వరసలో ఒక ఆడపిల్ల ఉండేది. తండ్రి మంచం పట్టి లేవలేకుండా ఉన్నాడు. ఆ పిల్ల అడిగింది: "అక్కా, మా నాయనకి తోక లేదు గదా. ఆయన ఒళ్లు దేన్ని తింటా ఉండాది?"

నా భార్య చేతిలోని బొగ్గు కింద పెట్టింది. "కండని తింటా ఉండాది బిడ్డా. అందుకే నీ గంజిలో సగం ఆయనకి తీసుకపో. రేపటి నుంచి నీకు రెండు గరిటెలు పోస్తా" అంది. ఈ సంగతి రెండు కథల్లో దేనిలోనూ లేదు.

ఆషాఢం వచ్చినా మబ్బు లేదు. కాపు ఆడవాళ్లు కప్పతల్లిని తిప్పాలనుకున్నారు. కొత్త చేట మీద వేపాకు పరిచి, బతికున్న కప్పను దానికి కట్టి, ఇల్లిల్లూ తిరుగుతూ పాట పాడతారు. ఇంటివాళ్లు కప్ప మీద చెంబెడు నీళ్లు పోసి గింజలు పెడతారు. బావులు అడుగంటాయి, చెరువు నెరలు విచ్చింది, కప్పలు ఏ లోతున దాక్కున్నాయో ఎవరికీ చిక్కలేదు. మా బానలో కాళ్లున్నవి ఈదుతున్నాయని ఎవరో పాలేరు పోయి చెప్పాడు. ఒక పొద్దున అవ్వ స్వయంగా వచ్చింది. కర్రలు పట్టుకున్న మగవాళ్లు ఎవరూ లేరు. ఆమె చేతిలో ఇత్తడి చెంబు ఉంది, అంతే.

పాకలోకి రాకుండా నీడ అంచున నిలబడి పిలిచింది. "ఏమ్మే, నీ కాడ కప్పలుండాయంటనే."

"ఉండాయి గానీ అవ్వా, అవి ఇంకా కప్పలు కాలేదు."

"కప్పలు గాక కోళ్లా? కాళ్లుండాయని మావోడు చూసొచ్చినాడు."

"వెనక కాళ్లే. ముందరివి రాలేదు. రా, నువ్వే చూడు."

అవ్వ పాలెం కుండకు చెంగు తగలకుండా కుచ్చిళ్లు పట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. "బిడ్డకి కాళ్లు ముందొస్తే మంత్రసాని తల పట్టుకుంటాది. దీనికి ఎనక కాళ్లే ముందా" అని నవ్వింది.

"ఇప్పుడు తీసి చేటకి కట్టినావనుకో, రెండిళ్లు దాటకుండానే చస్తాది. దాని ఊపిరి ఇంకా నీళ్లలోనే ఉండాది. అమావాస్య దాకా ఆగు. తోక పోయి, గట్టెక్కి కూర్చుంటాది. అప్పుడు నేనే తెచ్చి నీ చెంబులో ఏస్తా."

"మీ దేవుడు తిట్టడా నిన్ను?"

"వాన కోసం ఎవురు ఎట్ట అడిగితే ఏందిలే అవ్వా. మా పిల్లోళ్లు తాగేది నీ వరిగెలే గదా."

అవ్వ చెంబును చంకన పెట్టుకుంది. "సచ్చినదాన్ని మోసుకోని ఇల్లిల్లూ తిరిగితే నన్ను చూసి నగుతారు. ఆగుతాలే. మంచిది ఒకటి ఏరి పెట్టు, బాగా అరిచేది" అని వెళ్లిపోయింది.

జరిగింది ఇదీ. అడిగారు, ఆగమంది, ఆగుతామన్నారు. రాక్షసీ లేదు, వీరవనితా లేదు. ఒకటి ఇంకా పూర్తిగా తయారు కాలేదని తెలిసిన ఆడది, ఆ మాట విని అర్థం చేసుకున్న మరో ఆడది. కరువులో ఇంత ఇంగితంతో మాట్లాడుకున్న మనుషుల్ని నేను ఆ ఏడు మరెక్కడా చూడలేదు.

ఆ ఆదివారం మిషను బడుల మీద పెత్తనం చేసే అయ్యగారు ఆత్మకూరు నుంచి గుర్రం మీద వచ్చారు. ఆత్మకూరు పెద్దబడిలో పంతులు పని ఖాళీగా ఉందని నాకు తెలుసు. ఆ పని నాకు కావాలి. పాలెంలో ఏం విశేషాలని ఆయన అడిగారు. "కప్పతల్లికి కప్పల్ని అడిగేదానికి పెద్దకాపు ఇంటి నుంచి వచ్చినారయ్యగారూ. మా ఇంటామె ఇవ్వలేదు" అన్నాను. అన్న ప్రతి మాటా నిజమే. ఎందుకు ఇవ్వలేదో, ఎప్పుడు ఇస్తానందో మింగేశాను. ఆయన ముఖం వెలిగింది. అది చూసి నేను ఊరుకున్నాను.

గంజి వండుతూ నా భార్య పొయ్యి దగ్గర ఉంది. పాక ముందు జనం ప్రార్థనకు కూర్చున్నారు. ఊరి నుంచి వచ్చిన పాలేళ్లు కూడా దూరంగా నిలబడి వింటున్నారు. అయ్యగారు లేచి ఆమె విశ్వాసాన్ని పొగిడారు. అంధకారం గడప దాకా వచ్చి ఓడి తిరిగిపోయిందన్నారు. ఆ అంధకారమే పంపిన వరిగెలు పక్కన పొయ్యి మీద ఉడుకుతున్నాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తరువాత నా వైపు తిరిగి, శోధనకు, పాపంలోకి లాగే ఆశకు, తావివ్వకూడదు, ఆ బానను ఇప్పుడే పారబోయండి అన్నారు.

నేను పారబోశాను. పాక నీడ దాటి ఎండలో, బొగ్గు బొమ్మల వరస పక్కనే. కొన్నిటికి అప్పటికే ముందర కాళ్లు వచ్చి ఉన్నాయి. తోక మొండిగా మిగిలింది, ఇక నాలుగు రోజులైతే చాలు. పిల్లలు అరుస్తూ పరుగెత్తారు. ఆమె చేతిలో గరిటెతో వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని గరిటెతో ఒక్కొక్కదాన్నీ దుమ్ములోంచి ఎత్తి తాగే నీళ్ల ముంతలో వేసింది. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

ఊళ్లోకి మాట అంతకు ముందే పోయింది. ఇస్తానని ఒప్పుకుని, అంధకారమని తిట్టించి, చంపి పారబోయించిందని అవ్వకు చేరింది. మర్నాడు వరిగెలు రాలేదు. నా భార్య పెద్దకాపు వాకిట్లోకి పోయి నిలబడింది. లోపలికి కబురు పంపితే అవ్వ బయటికి రాకుండానే గట్టిగా జవాబిచ్చింది: "నన్ను ఆగమని చెప్పి నలుగురిలో నగుబాటు చేసినావు గదమ్మే. పో, మీ అయ్యగార్నే అడుగు గంజి." నా భార్య పొద్దుగూకే దాకా నిలబడి తిరిగొచ్చింది. పారబోసింది నేనని చెప్పడానికి నేను ఆ వాకిటికి పోవాలి. పోలేదు. పోతే అయ్యగారి ముందు నా మాట తప్పవుతుంది, ఆత్మకూరు పని చేజారుతుంది. కథలు కట్టేవాళ్లెవరికీ ఈ ముక్క పనికిరాలేదు. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను.

అయ్యగారు గంజికి గింజలు పంపలేదు. పై వాళ్లకు రాస్తానన్నారు. గంజి లేని బడికి ఎవరు వస్తారు. పాలెం వాళ్లు ఒక్కో ఇల్లూ తడిక మూసుకుని, సముద్రం వైపు కాలవ తవ్వే కరువు పనులకు నడిచిపోయారు. ఆ ఆడపిల్ల తండ్రిని మంచంతో సహా మోసుకుపోయారు. పోయే ముందు ఆ పిల్ల నా భార్య దగ్గరికి వచ్చి, "కాలవ కాడ నీళ్లుంటాయంట అక్కా. కప్ప గుడ్లు ఆడ కనపడితే చూసుకుంటా" అంది. వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లను నేను అడిగాను. ఆ కుటుంబాన్ని పెన్న దాటాక ఎవరూ చూడలేదు.

కొన్ని వారాలకు వాన వచ్చింది. కప్పతల్లిని తిప్పకుండానే వచ్చింది. అయ్యగారి ప్రార్థన కూడా అప్పటికి ఆగిపోయింది, ఆయన నెల్లూరులో జ్వరంతో ఉన్నారు. నేలలోంచి కప్పలు లేచి చెవులు పగిలేలా అరిచాయి. వినడానికి పాలెంలో పిల్లలు లేరు.

నాకు ఆత్మకూరు పని దొరికింది. ఎందుకు దొరికిందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. బండి ఎక్కేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "చిన్నపిల్లల బడి ఆడ నాకిస్తారా?" ఇప్పిస్తానన్నాను. అయ్యగారు సరేనన్నారు. అయితే ముందు దూరం నుంచి మిషను పెద్దలు వస్తున్నారనీ, వాళ్ల ఎదుట ఆమె తన నోటితో కప్పల సంగతి చెప్పాలనీ, ఆ తరువాత బడి ఆమెదేననీ అన్నారు.

ఆ రోజు ప్రార్థన ఇల్లు నిండింది. దారిలో నేను ఆమెకు నచ్చజెప్పాను. "ఆయన చెప్పినట్టే నాలుగు మాటలు చెప్పు. ఏం పోయింది. నీకు బడి వస్తాది."

"ఆయన చెప్పినట్టు ఎట్ట చెప్పేది?"

"అడిగినారు, ఇవ్వలేదు అని చెప్పు. నిజమే గదా."

ఆమె నా ముఖంలోకి చూసింది. అంతకు ముందు నేను పాలెంలో ఏమన్నానో ఆమెకు అప్పుడే పూర్తిగా అర్థమైంది.

లోపల అయ్యగారు పేరుపెట్టి పిలిస్తే లేచి నిలబడింది. "అవి కప్పలు కాలేదు" అంది. "ముందర కాళ్లు రాలేదు. వచ్చినాక ఇస్తానని అవ్వకి చెప్పినాను. ఇచ్చేదాన్నే. వానొస్తే చాలని అందరం అనుకుంటిమి. అవి చచ్చిపోయినాక గింజలు ఆగిపోయినాయి, పిల్లోళ్లు ఎళ్లిపోయినారు. ఆ పిల్లోళ్ల గురించి ఎవురన్నా అడగండి, చెప్తా."

ఎవరూ అడగలేదు. ముందు వరసలో దగ్గు వినిపించింది. అయ్యగారు నా వైపు చూశారు. నేను లేచి, కరువులో జబ్బు చేసినప్పటి నుంచి మా ఇంటామెకు మతి నిలకడగా ఉండడం లేదని చెప్పాను. జనం జాలిగా తలలూపారు. ఆమె కూర్చుంది.

చిన్నపిల్లల బడిని నెల్లూరు నుంచి వచ్చిన మరొక ఆమెకు ఇచ్చారు. కథ మాత్రం మారలేదు. అందులో పెద్దల చేతికి కర్రలు తరువాత చేరాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, ఒక్క మాట అటూ ఇటూ చేసి ఉంటే బడి దక్కేదని నేను విసుక్కున్నాను. పొయ్యి రాజేస్తూ ఆమె నెమ్మదిగా జవాబు చెప్పింది. "దక్కేదే. దక్కినాక ఏ బిడ్డో లేచి, అక్కా, ఆ రోజు నువ్వు చూసింది అదేనా అని అడిగేది గదా."

ఆమెకు మతి చెడలేదు. ఆనాడూ చెడలేదు, ఈనాడూ చెడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి, చూసినంతే చెప్పింది. నేను అన్నదే అబద్ధం. ఆ ప్రార్థన ఇంట్లో అది విన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లు దీన్ని చదవాలి.